ఐదో రోజు టాటూ పొట్టు లేస్తోంది, రంగు పోతోందా?

మిర్యాలగూడ తమ్ముడి ప్రశ్న ఇది. రైస్ మిల్లులో పని చేస్తాడు. పోయిన ఆదివారం ఎడమ ముంజేతి లోపలి వైపు త్రిశూలం, దాని కింద అమ్మ పేరు వేయించుకున్నాడు. త్రిశూలం మధ్యలో ఎర్ర బొట్టు కూడా ఉంది. టాటూ వేసినాయన పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, మూడు గంటలయ్యాక తీసి కడుక్కోమని చెప్పి పంపాడు, అంతే. మూడో రోజు వాళ్లమ్మ చూసి పసుపు, కొబ్బరినూనె కలిపి పట్టించింది. మిల్లులో దోస్తు సోఫ్రామైసిన్ (యాంటీబయాటిక్ క్రీము) రాయమంటే అదీ రాశాడు. ఇప్పుడు ఐదో రోజు. పొద్దున స్నానం చేస్తుంటే నల్లటి పొట్టు ఊడి చేతికొచ్చింది. కింద తోలు మసకగా, కొద్దిగా మెరుస్తూ కనిపిస్తోంది. దురద ఆగట్లేదు. "అన్నా, నాలుగు వేలు పెట్టిన, మొత్తం పోతోందా? ఆదివారం దోస్తులతో సాగర్ పోవాలె, పోవచ్చా?" అని అడిగాడు.

తమ్ముడూ, ముందు టెన్షన్ తగ్గే మాట చెప్తా. రంగు పోవట్లేదు. నాలుగో రోజు నుంచి రెండు వారాల లోపు పొట్టు లేవడం మామూలే, లేవకపోతేనే ఆశ్చర్యపోవాలి. పసుపు ఒకసారి పెట్టినందుకు కొంప మునగలేదు, కానీ ఇక పెట్టొద్దు. సోఫ్రామైసిన్ కూడా ఆపెయ్. సాగర్ పో, ఫొటోలు దిగు, చేపల పులుసు తిను, నీళ్లలో మాత్రం దిగకు. ఈ నాలుగు ముక్కలతో సరిపెట్టుకుంటానంటే ఇక్కడే ఆపేయొచ్చు. ఎందుకో తెలుసుకోవాలంటే మాత్రం కాస్త ఓపిగ్గా చదువు.

నేను నల్లగొండలో పదకొండేళ్లుగా టాటూలు వేస్తున్నా. చెడిపోయి నా దగ్గరికి వచ్చిన టాటూలు చాలానే చూశాను. వాటిలో ఏమీ రాయకపోవడం వల్ల చెడినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ ఎక్కువ రాసి, ఎక్కువ కడిగి, నిమిషానికోసారి ముట్టుకుని చెడగొట్టుకున్నవే. అమ్మ ఒకటి చెప్తుంది, దోస్తు ఒకటి చెప్తాడు, మెడికల్ షాపులో కుర్రాడు ఇంకోటి అంటగడతాడు. పాపం ఆ చేయి మీద అన్నీ పడతాయి. నీ విషయంలో ఐదు రోజుల్లోనే రెండు మందులు పడ్డాయి చూడు.

ఆ నల్ల పొట్టు సంగతి చెప్తా. మన తోలుకు పైపొర ఒకటి ఉంటుంది, కాగితమంత పల్చన. అది ఎప్పుడూ పాతది రాలిపోతూ, కింద నుంచి కొత్తది పుడుతూ ఉంటుంది. సూది ఆ పొరను దాటి ఒకటి, రెండు మిల్లీమీటర్ల లోతుకు దిగి కింది పొరలో రంగు వదులుతుంది. పోయేటప్పుడు దారిలో పైపొరలో కూడా కొంత రంగు పట్టుకుంటుంది. ఇప్పుడు నీ చేతికొచ్చింది ఆ పైపొర రంగు. అది ఎలాగూ పోవాల్సిందే. అసలు సరుకు కింద గోదాములో ఉంది.

కింద అది ఎలా నిలుస్తుందన్నదీ తమాషాగా ఉంటుంది. ఒంట్లోకి పరాయి వస్తువు ఏది దూరినా మింగేసే కణాలు ఉంటాయి, మాక్రోఫేజ్‌లంటారు. సూది గుచ్చగానే అవి పరుగెత్తుకొచ్చి రంగును మింగుతాయి. మింగుతాయి గానీ అరిగించుకోలేవు. అట్లాగే పొట్టలో పెట్టుకుని కూర్చుంటాయి. అవి చచ్చిపోతే రంగు బయటపడుతుంది, పక్కనున్న కొత్త కణం మళ్లీ మింగుతుంది. 2018లో ఫ్రాన్స్ పరిశోధకులు ఎలుకల మీద ఈ సంగతే చూపించారు. అంటే నీ త్రిశూలాన్ని మోస్తున్నవి నీ ఒంటి కాపలా కణాలే. స్నానం నీళ్లకు కొట్టుకుపోయేది కాదది.

కింద తోలు మసకగా, కొద్దిగా మెరుస్తూ ఉందన్నావు. అది కొత్తగా పుట్టిన పైపొర. ఇంకా ముదరలేదు కాబట్టి పాలకాగితం కప్పినట్టు కనిపిస్తుంది. మూడు, నాలుగు వారాల్లో తేటపడుతుంది. అప్పటిదాకా రోజూ ఫొటో తీసి నిన్నటి ఫొటోతో పోల్చుకుంటూ కూర్చోకు, పిచ్చెక్కుతుంది.

ఇక పసుపు. ఈ ఒక్క మాట మీద నాకు జరిగినన్ని గొడవలు డబ్బుల దగ్గర కూడా జరగలేదు. మా నానమ్మ ముంజేతి మీద తులసికోట, మోచేతి దగ్గర చుక్కలు ఉండేవి. పెళ్లికి ముందు జాతరలో ఎరుకల ఆమె సూదులు కట్టగట్టి పొడిచిందట. నేను ఈ పని మొదలుపెట్టినప్పుడు "పచ్చ పొడిచినంక పసుపు, ఆముదం రాసుకుంట పొలం పోయినం. మాకేమైంది? నువ్వు మిషిన్ పెట్టి పొడిచి, ఇన్ని నీతులు చెప్తవా?" అని నవ్వేది. ఆమె మాట అబద్ధం కాదు. కానీ ఆమె వేయించుకుంది నాలుగు గీతలు, పది చుక్కలు. నీ త్రిశూలంలో నిండా నింపిన నలుపు ఉంది, అంత మేర తోలు గాయపడింది. పైగా వాళ్లు కొమ్ములు కొనుక్కుని ఇంట్లో దంచుకున్న పసుపు రాశారు. నీ వంటింట్లో ఉన్నది నెలల కిందట విప్పిన పాకెట్, అందులో ఎన్నిసార్లు తడి స్పూను పెట్టారో మీ అమ్మనడుగు.

పసుపులో క్రిములను అడ్డుకునే గుణం ఉందన్నది నిజమే. అంతమాత్రాన వంటింటి పసుపు క్రిములు లేని మందైపోదు. ఆ పొడి రేణువులు పచ్చి గాయంలో ఇరుక్కుంటాయి, పైన కట్టే పెచ్చు మందంగా, గట్టిగా కడుతుంది. మందపు పెచ్చు ఊడేటప్పుడు కింది రంగును కూడా లాక్కుపోతుంది. నాకు ఇంకా పెద్ద భయం వేరే ఉంది. పసుపు పూస్తే ఆ చోటంతా పచ్చగా అవుతుంది, కింద ఎర్రబడిందో, చీము పట్టిందో కనపడదు. గాయం చెడుతోందని చెప్పే గుర్తే ఎరుపు. దాన్నే కప్పేస్తే ఎట్లా? మీ అమ్మకు ఈ మాట చెప్పు. తన పేరు రాయించుకున్న చేయి కదా, అర్థం చేసుకుంటుంది.

సోఫ్రామైసిన్ సంగతి వేరు. అది మంచి మందే, పని చేస్తుంది, కానీ ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు. నీకు ఇన్ఫెక్షన్ లేదు. ఆ జాతి మందులు కొందరికి పడవు. రాసిన చోట ఎర్రటి పొక్కులు, దురద వస్తాయి. అప్పుడు మనం టాటూ చెడిందనుకుని ఇంకా ఎక్కువ రాస్తాం, మందే రోగమవుతుంది. నీ దురద మరీ ఎక్కువగా ఉందన్నావు కాబట్టి అదొక కారణమై ఉండొచ్చు. ఆపి రెండు రోజులు చూడు. ఇంకా ఘోరం బెట్నోవేట్ లాంటి స్టెరాయిడ్ క్రీములు. మన ఊళ్లలో తామరకు, మొటిమలకు, తెల్లబడడానికి, అన్నింటికీ అదే రాస్తారు. దురద వెంటనే తగ్గుతుంది, అందుకే నమ్ముతారు. కానీ అది తోలును పల్చన చేస్తుంది, గాయం మానడాన్ని ఆలస్యం చేస్తుంది. డాక్టర్ చూసి రాస్తే తప్ప దాని జోలికి పోకు. డెటాల్, స్పిరిట్ మంటపుట్టించి కొత్త తోలును కాలుస్తాయి, అవీ వద్దు. పెరట్లో కలబంద మట్ట విరిచి నేరుగా పెట్టడం కూడా ఇప్పుడు వద్దు, దాని తోలు కింద కారే పసుపురంగు రసం దురద పెంచుతుంది.

మరి ఏం రాయాలి? వాసన లేని మామూలు మాయిశ్చరైజర్. అంతే. నీ టాటూ అరచేయంత ఉంటుందనుకుంటే, దానికి శనగగింజంత చాలు. రాశాక తోలు నూనె పూసినట్టు మెరుస్తుంటే ఎక్కువైనట్టు, శుభ్రమైన గుడ్డతో అద్దెయ్. రోజుకు రెండుసార్లు, మరీ పొడిబారితే మూడోసారి. పెట్రోలియం జెల్లీ చాలామంది డాక్టర్లు చెప్తారు, తప్పు కాదు, కానీ నువ్వు మిల్లులో చెమటలు కక్కుతూ పని చేసేవాడివి. మన దగ్గర వేసవిలో 44 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. జిడ్డు మందంగా పూసి ఆ వేడిలో తిరిగితే చెమట పోయే దారి ఉండదు, చెమటకాయల్లాంటి పొక్కులు లేస్తాయి.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్తున్నది కాదు. నా మొదటి టాటూ నా పిక్క మీదే ఉంది, మే నెలలో వేయించుకున్నా. ఎంత ఎక్కువ రాస్తే అంత తొందరగా మానుతుందని జెల్లీ మెత్తి, పైన వంటింటి ప్లాస్టిక్ చుట్టి, మూడు రోజులు బండి మీద దేవరకొండ, హాలియా తిరిగా. విప్పితే తోలు నీళ్లలో నానిన వేలిలాగా తెల్లగా ముడతలు పడి ఉంది, నిండా చిన్న చిన్న పొక్కులు. మానాక చూస్తే గీతల మధ్య మధ్యలో ఖాళీలు. ఇప్పటికీ అవి అట్లాగే ఉంచా, వచ్చినవాళ్లకు చూపించడానికి పనికొస్తున్నాయి. ఆ ప్లాస్టిక్ మొదటి కొన్ని గంటలకే, దుమ్ము పడకుండా దుకాణం నుంచి ఇంటికి చేరడానికే. రోజుల తరబడి ఉంచడానికి గాలి ఆడే వేరే ఫిల్మ్ ఉంటుంది, ఒంటికి రెండో తోలులా అతుక్కుంటుంది. నీకది వేయలేదు కాబట్టి ఇప్పుడు కొని అతికించకు. పొట్టు లేవడం మొదలయ్యాక అతికిస్తే, పీకేటప్పుడు అన్నీ దానితోనే వస్తాయి.

కడగడం రోజుకు రెండుసార్లు, మిల్లు నుంచి రాగానే ఒకసారి అదనంగా. ముందు చేతులు కడుక్కో, తర్వాత టాటూ. వాసన లేని మెత్తటి సబ్బు నురగ వేళ్లతో నెమ్మదిగా రాసి కడిగెయ్. పీచు, బ్రష్షు, రుద్దుడు ఏమీ వద్దు. తువ్వాలుతో తుడవకు. నాలుగు రోజులుగా బాత్రూం తలుపు మీద తడిగా వేలాడే తువ్వాలు కంటే మురికిది ఇంట్లో ఇంకోటి ఉండదు. ఉతికి ఎండలో ఆరేసిన పల్చటి నూలు గుడ్డతో అద్దు, పది నిమిషాలు గాలికి ఆరనివ్వు, ఆ తర్వాతే క్రీము.

నీళ్ల గురించి ఒక మాట. మనవైపు చాలా ఇళ్లలో బోరు నీళ్లే. ఉప్పు నీళ్లు, సబ్బు నురగ సరిగ్గా రాదు, జిగటగా పొర మిగులుతుంది, తోలు పొడిబారి దురద పెరుగుతుంది. ఈ రెండు వారాలు ఆఖరి చెంబు మాత్రం కాచి చల్లార్చిన నీళ్లు పోసుకో. ఉప్పు నీళ్ల కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది సంపులో, డ్రమ్ములో వారాల తరబడి నిలవ ఉన్న నీళ్లు. అందులో మామూలుగా ఏమీ చేయని క్రిములు కూడా తోలు తెగిన చోట దూరితే ఊరుకోవు. 2011, 2012లో అమెరికాలో రోచెస్టర్ అనే ఊళ్లో ఒకే దుకాణంలో టాటూ వేయించుకున్న 19 మందికి వారాల తరబడి పొక్కులు తగ్గలేదు. చివరికి తేలిందేంటంటే, నీళ్లలో బతికే క్షయ జాతి బ్యాక్టీరియా ఒకటి, ముందే కలిపి అమ్మిన బూడిదరంగు ఇంకులో ఉంది. అందుకే నేను రంగు పల్చన చేయాలంటే నల్లా నీళ్లు వాడను, మందుల షాపులో దొరికే స్టెరైల్ నీళ్లే వాడతా. రెండోసారి ఎక్కడైనా వేయించుకుంటే ఈ ప్రశ్న అడుగు. మొహం చిట్లిస్తే లేచి వచ్చెయ్.

మిల్లు దుమ్ము మామూలుది కాదని నీకు నేను చెప్పాలా. ఊక, తౌడు గాల్లో ఎగిరి చెమట ఉన్న చోటల్లా అతుక్కుంటాయి. ఊక నూగు గుచ్చుకుంటే బాగున్న తోలే దురద పెడుతుంది. పనిలో వదులైన నూలు చొక్కా, నిండు చేతులది వేసుకో. బిగుతుగా కట్టు కట్టుకుంటే చెమటకు నానుతుంది. బస్తాలు మోసేటప్పుడు ముంజేతి లోపలి వైపే రాసుకుంటుంది కాబట్టి, వీలైతే మేస్త్రీతో చెప్పి ఓ వారం తూకం దగ్గరో, కుట్టు దగ్గరో పని అడుగు. కుదరకపోతే చొక్కా మీద పైనుంచి ఇంకో గుడ్డ వదులుగా చుట్టుకుని బస్తా ఎత్తు, దింపగానే విప్పెయ్. పత్తికి మందు కొట్టే పని ఉన్నవాళ్లకు మాత్రం నేను ఖచ్చితంగా చెప్తా, మానేదాకా పంపు భుజాన వేసుకోవద్దని. ఒకాయన వినలేదు. డబ్బా మూత దగ్గర కారిన మందు చేతి మీదుగా పాత చొక్కాలోంచి దిగి, మణికట్టు మీదున్న కొత్త టాటూ అంతా బొబ్బలెక్కింది.

రాత్రి పడుకున్నప్పుడు దుప్పటి అంటుకుంటే లాగకు. నీళ్లతో తడిపితే అదే వదులుతుంది.

దురద గురించి నీకు చెప్పేది ఒకటే, గోరు తగలనివ్వకు. గోకితే పెచ్చు లేస్తుంది, పెచ్చుతో రంగు లేస్తుంది, గోటి కింది మురికి లోపలికి పోతుంది. పొట్టు సగం లేచి వేలాడుతుంటే పీకాలనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. పీకకు. చుట్టూ ఉన్న బాగున్న తోలు మీద అరచేత్తో మెల్లగా తట్టు. ఫ్రిజ్ నీళ్లలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డ రెండు నిమిషాలు పైన పెట్టు. రాత్రి నిద్ర పట్టనంత దురదైతే సెట్రిజిన్ వేసుకోవచ్చా అని డాక్టర్ని అడుగు. అది మత్తుగా ఉంటుంది, వేసుకుని బండి నడపకు, మిల్లు మిషన్ల దగ్గర నిలబడకు.

తిండి గురించి నువ్వు అడగలేదు గానీ మీ ఇంట్లో ఈపాటికే పథ్యం మొదలయ్యే ఉంటుంది. వంకాయ వద్దు, గోంగూర వద్దు, గుడ్డు తింటే చీము పడుతుంది, కోడికూర తింటే దురద లేస్తుంది. నీకు ఇంతకుముందు వంకాయ తింటే నిజంగానే దురద వచ్చే అలవాటుంటే మానెయ్. లేకపోతే తిను. తోలు కొత్తగా పుట్టాలంటే మాంసకృత్తులు కావాలి, గుడ్డు, పప్పు, చేపలు మానేసి చారన్నం తింటే పుండు ఇంకా మెల్లగా మానుతుంది. కల్లు, బీరు మాత్రం ఓ వారం పక్కన పెట్టు. ఒళ్లు నీరసపడి, తెలియకుండానే గోక్కుంటావు. షుగర్ ఉన్నవాళ్లకు పుండ్లు ఆలస్యంగా మానతాయి, వాళ్లకు నేను చెప్పే లెక్కలు వేరే ఉంటాయి. ఇరవై రెండేళ్ల నీకు ఆ బాధ లేదనుకుంటున్నా.

ఎర్ర బొట్టు మీద ఒక కన్ను వేసి ఉంచు. రంగులన్నింటిలోకీ ఎక్కువమందికి పడనిది ఎరుపే. ఇప్పుడు కాదు, నలుపు అంతా చక్కగా మానిపోయాక, నెలకో, రెండు నెలలకో, ఒక్కోసారి ఏళ్ల తర్వాత కూడా ఆ ఎర్రటి భాగం ఒక్కటే ఉబ్బి, గట్టిపడి, దురద పెట్టొచ్చు. అది క్రిముల వల్ల వచ్చేది కాదు, యాంటీబయాటిక్ మింగితే తగ్గదు. అప్పుడు చర్మం డాక్టర్ దగ్గరికే పోవాలి.

ఎప్పుడు భయపడాలో చెప్పకుండా భయపడకు అంటే ఏం లాభం? మొదటి రెండు మూడు రోజులు ఎర్రగా, వేడిగా, కొద్దిగా వాచి ఉండడం, నీళ్లలాంటి రసి, దానితో రంగు కలిసి రావడం మామూలు. అది రోజురోజుకూ తగ్గాలి. తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరిగినా, ఎరుపు టాటూ అంచు దాటి చుట్టూ పాకినా, పసుపుపచ్చగా చిక్కటి చీము వచ్చినా, వాసన వచ్చినా, చలిజ్వరం వచ్చినా, చంకలో బిళ్ల కట్టినా ఆలోచిస్తూ కూర్చోకు, డాక్టర్ దగ్గరికి పో. ఎర్రటి గీత ఒకటి ముంజేతి నుంచి పైకి పాకుతున్నట్టు కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి పో. అనుమానంగా ఉంటే ఒక ఉపాయం ఉంది. ఎరుపు ఎక్కడి దాకా ఉందో పెన్నుతో చుట్టూ గీత గీయి, పొద్దున లేచి చూడు. గీత దాటితే పాకుతున్నట్టే. మీకు దగ్గర్లో మిర్యాలగూడ ఏరియా ఆసుపత్రి ఉంది, చర్మం డాక్టర్ కావాలంటే నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి రావచ్చు. ఊళ్లో సూదేసి పంపే ఆయన దగ్గరికి మాత్రం దీనికోసం పోకు. ఆయన వేసే సూదిలో స్టెరాయిడ్ ఉంటే ఒక్క రోజు బ్రహ్మాండంగా తగ్గినట్టుంటుంది, మూడో రోజు రెట్టింపవుతుంది.

నువ్వు వేయించుకున్నది దుకాణంలో, సూది నీ ముందే కొత్త పాకెట్ చింపి తీశాడని రాశావు, మంచిది. జాతరలో బల్ల మీద వేయించుకున్నవాళ్లు కూడా నా దగ్గరికి వస్తారు. చెర్వుగట్టు, కురుమూర్తి, పెద్దగట్టు, ఎక్కడ జనం ఉంటే అక్కడ బ్యాటరీ మిషన్ పెట్టుకుని కూర్చుంటారు. యాభైకో వందకో పేరు రాస్తారు, సూది మార్చరు, ఒకే మూతలో రంగు అందరికీ. అక్కడ పైన పూసే క్రీము గురించి అడిగి లాభం లేదు. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి రక్తంతో పాకేవి. అట్లా వేయించుకున్నవాళ్లు ప్రభుత్వ ఆసుపత్రిలోని ఐసీటీసీ (హెచ్‌ఐవి సలహా, పరీక్షల) కేంద్రానికి వెళ్లి సంగతి చెప్పాలి, హెచ్‌ఐవి పరీక్ష ఉచితం, పేరు బయటపెట్టరు. మొదటి పరీక్షలో ఏమీ లేదని వచ్చినా మూడు నెలలకు మళ్లీ చేయించుకోవాలి, హెపటైటిస్ పరీక్షలు ఎప్పుడు చేయించాలో అక్కడి డాక్టర్నే అడగాలి. ఎక్కడ వేయించుకున్నా సరే, టాటూ తర్వాత ఏడాది దాకా రక్తదానం చేయకూడదు. దోస్తులు క్యాంపు అంటూ పిలిస్తే ఆ మాట చెప్పు.

పోలీసు, ఆర్మీ ఉద్యోగాల ప్రయత్నం ఉంటే ముంజేతి లోపలి వైపు ఎంచుకోవడం నీ అదృష్టమే. సైన్యం నిబంధనల్లో ఆ చోటికి కొంత వెసులుబాటు ఉంది. కానీ ఒక్కో బలగానికి ఒక్కో రూలు, సైజు కూడా చూస్తారు, నోటిఫికేషన్ చదువుకో. రెండో చేతికి కూడా వేయించుకుందామని ఉంటే ముందు అది చదివి, తర్వాత నా దగ్గరికి రా.

ఎండ సంగతి తేలిగ్గా తీసుకునేవాళ్లు మనవైపే ఎక్కువ, ఎండలో పుట్టి పెరిగాం కదా అని. మానని టాటూ మీద నేరుగా ఎండ పడితే మంట, బొబ్బలు, తర్వాత నల్ల మచ్చ. మానేదాకా సన్‌స్క్రీన్ కూడా రాయొద్దు, గుడ్డే కప్పుకో. పూర్తిగా మానాక, అంటే పొట్టు, మెరుపు పోయి చుట్టుపక్కల తోలులాగే అయ్యాక, ఎండలో తిరిగే రోజుల్లో ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నది రాసుకో. మా నానమ్మ చేతి మీద నలుపు కాస్తా చివరికి ఆకుపచ్చగా తేలింది. మసిలోని నలుపే అయినా తోలు లోపలి నుంచి వెలుతురు చెదిరి వచ్చేసరికి నీలంగా, పచ్చగా కనపడుతుంది. పచ్చబొట్టన్న పేరే అందుకు వచ్చిందని నా నమ్మకం. నీది అంత తొందరగా అట్లా కావద్దంటే ఎండ నుంచి కాపాడుకోవడమే దారి.

ఇప్పుడు సాగర్. ఆదివారానికి నీకు ఎనిమిదో రోజు. అప్పటికి పొట్టు సగం లేచి, సగం అతుక్కుని ఉంటుంది, అంటే సగం తలుపు తెరిచి ఉన్నట్టే. కృష్ణ నీళ్లు కళ్లకు తేటగా ఉన్నా గాయానికి మురికి నీళ్లే, పైన ఎన్ని ఊళ్లు దాటి వచ్చాయో లెక్కేసుకో. ఈత బావి, కోనేరు, స్విమ్మింగ్ పూల్, బీచుపల్లి ఘాట్, ఏదైనా ఇదే లెక్క. మూడు వారాలు ముంచొద్దు, నాలుగైతే ఇంకా మంచిది. నానితే పెచ్చు మెత్తబడి ఊడిపోతుంది, క్రిములు లోపలికి పోతాయి. అమెరికాలో ఒకాయన సరిగ్గా ఐదో రోజు టాటూతో మెక్సికో సింధుశాఖ సముద్రంలో ఈతకు దిగి, నీళ్లలోని బ్యాక్టీరియా పట్టుకుని చనిపోయిన సంగతి 2017లో వైద్య పత్రికలో వచ్చింది. ఆయనకు ముందే తాగుడుతో లివర్ చెడింది, అది సముద్రంలో ఉండే క్రిమి, సాగర్‌లో నీకదే అవుతుందని చెప్పట్లేదు. కానీ దోస్తులు నాలుగు బీర్లు తాగి "ఒక్క మునకేరా" అంటే గుర్తుంచుకోవడానికి పనికొస్తుంది. వాళ్లు దిగితే నువ్వు గట్టున కూర్చుని వాళ్ల చెప్పులు, ఫోన్లు కాపలా కాయి. నీళ్లు చిందితే భయం లేదు, తాగే నీళ్లతో కడిగి అద్దుకో.

ఆరు నుంచి ఎనిమిది వారాలయ్యాక ఎక్కడైనా గీత తెగినట్టు, రంగు పడనట్టు కనిపిస్తే వేసినాయన దగ్గరికే పో. ఆ కాస్త సరిచేయడానికి చాలామంది డబ్బులు తీసుకోరు, నేనూ తీసుకోను. అంతకన్నా ముందు పోతే మానని తోలును మళ్లీ గుచ్చినట్టవుతుంది, ఎంత బతిమాలినా ఒప్పుకోకూడదు. ముఖ్యంగా అమ్మ పేరులో సున్నాలు, ఒత్తులు ఉన్న చోట చూసుకో, మన అక్షరాల్లో చిన్న సున్నా మానేటప్పుడు కొద్దిగా పరుచుకుని పూడినట్టు కనిపిస్తుంది, అది మాత్రం సరిచేయడం కష్టం.

ఆదివారం బండి నువ్వే నడుపుతావు కదా, నిండు చేతుల నూలు చొక్కా వేసుకో, ఒక శుభ్రమైన గుడ్డ, సీసాలో కాచిన నీళ్లు డిక్కీలో పెట్టుకో. ఇంటికి రాగానే ముందు చేయి కడుక్కో, ఫొటోలు ఆ తర్వాత పెట్టుకోవచ్చు. వచ్చే గురువారం పగటి వెలుతురులో తీసిన ఫొటో ఒకటి నాకు పంపు, ఆ ఎర్ర బొట్టు దగ్గరగా కనపడేట్టు.